ఎరువా? విషమా?

ధ్యాన భాగములు: లూకా 13:1–9, 1 కొరింథీయులకు 3:1–9



సేద్యము చేయు మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాయని చెట్టును గూర్చి గట్టుమీద కూర్చుండి మాటలాడువారు పదిమంది యుందురు. పార పట్టుకొని పాదు త్రవ్వి ఎరువు వేయువాడు ఒక్కడుండును. పగబట్టి రాత్రివేళ దాని మొదట విషము పోయువాడును ఒక్కొక్కప్పుడు బయలుదేరును. చెట్టు ఒకటే, మనుష్యులు మూడు విధములు. మనము ఏ విధపువారమో ఈ నెల ప్రభువు సన్నిధిలో పరీక్షించుకొందము. అందుకు ఉదాహరణలను మన పొలములలోనుండి కాక, దూరదేశపు ఆటస్థలములనుండి తీసికొందము.

నేడు మన పల్లెల యువకులు సెల్‌ఫోనులో ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు పందెములు చూచుచున్నారు. అమెరికాకు చదువులకు వెళ్లిన మన బిడ్డలు అక్కడి కాలేజీ ఫుట్‌బాలును గూర్చి ఇంటికి ఫోనుచేసి చెప్పుచున్నారు. పేరొకటే గాని ఆటలు వేరు. ఇంగ్లండులో గుండ్రని బంతిని కాలితో తన్నుదురు. అమెరికాలో కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకొని పరుగెత్తుదురు, విసరుదురు. రెండింటిలోను ఒక్కొక్క పక్షమున మైదానములో నుండువారు పదునొకండుగురే.

ఆట చూచుట పాపమా అని కొందరు తలిదండ్రులు అడుగుచున్నారు. పాపమని మేము చెప్పము. కొరింథు పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెడివి. పౌలు ఆ ఊరి సంఘమునకు వ్రాయుచు, పరుగెత్తువానిని, పిడికిళ్లతో పోరాడువానిని దృష్టాంతముగా చూపెను. ఇంగ్లండులోని పేరుగల జట్లు కొన్ని సంఘము నాటిన మొక్కలే. బర్మింగ్‌హాములో ఆస్టన్ విల్లా జట్టును 1874లో వెస్లియన్ చాపెలుకు చెందిన యువకులు ప్రారంభించిరి. లివర్‌పూలులో ఎవర్టన్ జట్టు 1878లో ఒక మెథడిస్టు చాపెలు నీడనే పుట్టెను. మాంచెస్టరులో సెయింట్ మార్క్ చర్చివారు 1880లో పెట్టిన జట్టే నేటి మాంచెస్టర్ సిటీ. పడుచువాండ్రు త్రాగుడులో, వీధి కొట్లాటలలో పడి చెడిపోకుండ మంచి వ్యాపకము కలుగవలెనని ఆనాటి సంఘస్థులు తలంచిరి. కాబట్టి ఆటను మనము నిందింపము. ఆట చుట్టు కూర్చున్న మన హృదయమును గూర్చియే మన చింత.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయపు ఆటస్థలములో లక్షా ఏడువేల మందికి పైగా కూర్చుండుటకు స్థలము కలదు. ఆడువారు ఇరువది యిద్దరు. మిగిలినవారందరు చూచువారు. పందెము ముగిసినను వారి మాటలు ముగియవు. ఫలానివానిని ఎందుకు ఆడించెను? ఫలానివానిని ఎందుకు కూర్చుండబెట్టెను? వెనుకటి వరుస బలహీనము, శిక్షకునికి బుద్ధి చాలదు, వానిని వెళ్లగొట్టవలెను అని రేడియోలలోను, పత్రికలలోను, ఇండ్లలోను వారమంతయు వాదములు జరుగును. ఇంగ్లండులోను అంతే. రెండు పందెములు గెలిచినయెడల శిక్షకుడు వీరుడు. రెండు ఓడినయెడల వాడే ద్రోహి.

ఒక సంగతి వినుడి. మాంచెస్టర్ యునైటెడ్ అను జట్టుకు అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబరులో మేనేజరుగా వచ్చెను. మూడు సంవత్సరములు గడచినను చెప్పుకోదగిన గెలుపు లేదు. 1989 డిసెంబరులో క్రిస్టల్ పాలెస్ అను జట్టు వారి సొంత మైదానములోనే వారిని ఓడించెను. ఆనాడు ఒక అభిమాని గుడ్డమీద వ్రాసి ఎత్తి చూపెను. మూడేండ్లుగా సాకులు వినుచున్నాము, ఇక నీకు సెలవు అని దాని భావము. ఆ మాట అనేకుల మనస్సులోనిదే. అయినను జట్టు యజమానులు ఆయనను వెళ్లగొట్టలేదు. 1990 మే నెలలో అదే క్రిస్టల్ పాలెస్‌ను ఓడించి వారు ఎఫ్.ఏ. కప్పు గెలిచిరి. ఇరువదియారు ఏండ్లుగా చేతికందని లీగు విజయము 1993లో లభించెను. 2013లో ఆయన విరమించునాటికి అట్టి లీగు విజయములు పదుమూడు.

ఈ కథలో మూడేండ్లు అను మాట వినగానే మనకు మరియొక కథ జ్ఞాపకము రావలెను. ద్రాక్షతోటలో నాటబడిన అంజూరపు చెట్టును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానములోను మూడేండ్లే. యజమానుడు మూడేండ్లు పండ్లు వెదకి, ఒక్కటియు కానక, దీనిని నరికివేయుమనెను. అప్పుడు తోటమాలి ఆ చెట్టు పక్షమున మాటలాడి, ఈ యేడు కూడ గడువిమ్మని వేడుకొనెను. ఇక్కడ మనము గమనింపవలసినది ఒకటి కలదు. అతడు గడువు మాత్రమే అడుగలేదు. దాని చుట్టు తాను త్రవ్వెదననియు, ఎరువు వేసెదననియు చెప్పెను. చెట్టును గూర్చి మాటలాడుటకు అతనికి అధికారము ఎట్లు కలిగెను? తన నడుము వంచుటకు ఒప్పుకొనుటవలననే కలిగెను.

ప్రభువు ఈ ఉపమానమును ఎవరితో చెప్పెనో చూడుడి. కొందరు ఆయనయొద్దకు వచ్చి, పిలాతు చంపించిన గలిలయులను గూర్చిన వార్త చెప్పిరి. పరుల కీడును గూర్చి మాటలాడుకొనుట వారి పని. ప్రభువు వారి ముఖము వారివైపుకే త్రిప్పి, మీరు మారుమనస్సు పొందవలెనని హెచ్చరించి, వెంటనే ఈ చెట్టు కథ చెప్పెను. గట్టుమీద కూర్చుండి తీర్పు తీర్చుచున్న మనకే అది చెప్పబడినది.

అయితే ఓర్చుకొన్న ప్రతిచోట కప్పు వచ్చునని మేము చెప్పుట లేదు. ఫెర్గూసన్ విరమించునప్పుడు తన వెనుక వచ్చు మేనేజరుకు అండగా నిలువుడని అభిమానులను వేడుకొనెను. ఆ వచ్చిన డేవిడ్ మోయెస్ ఆరు సంవత్సరముల ఒప్పందముతో వచ్చెను. పందెములు పోయెను. 2014 మార్చిలో కొందరు అభిమానులు డబ్బిచ్చి, అతడు పోవలెనను మాటను విమానమునకు కట్టించి మైదానముమీద ఎగురవేయించిరి. ఏప్రిల్‌లో అతనిని తీసివేసిరి. ఒక సంవత్సరమైనను నిండలేదు. ఉండనిచ్చినయెడల అతడు ఫలించియుండునో లేదో దేవునికే తెలియును. అంజూరపు చెట్టు మరుసటి యేడు కాచెనో లేదో ప్రభువును మనకు చెప్పలేదు. గొడ్డలి మాటను ఆయన కొట్టివేయను లేదు. ఫలితము మన చేతిలోనిది కాదు. పార మాత్రము మన చేతిలోనిది.

ఇప్పుడు విషమును గూర్చి వినుడి. అమెరికాలో అలబామా రాష్ట్రమున అలబామా విశ్వవిద్యాలయమునకును ఆబర్న్ విశ్వవిద్యాలయమునకును ఫుట్‌బాలులో పాత పోటీ కలదు. ఆటగాండ్ల ఖర్చుల లెక్కయొద్దను, రెఫరీలు ఎవరు అనునదానియొద్దను మాటలు పెరిగి, 1907 తరువాత 1948 వరకు ఆ రెండును కలిసి ఆడనేలేదు. లెక్కలయొద్ద పగ పుట్టుట మన ఊళ్లకు క్రొత్త కాదు గదా!

2010 నవంబరులో జరిగిన పందెములో ఆబర్న్ మొదట ఇరువదినాలుగు పాయింట్లు వెనుకబడి, చివరకు 28–27తో గెలిచెను. ఆబర్న్ పట్టణములో ఒక కూడలియొద్ద రెండు పెద్ద ఓక్ చెట్లుండెను. జట్టు గెలిచినప్పుడెల్ల జనులు వాటి కొమ్మలమీదికి కాగితపు చుట్టలు విసరి సంతోషించుట వాడుక. అలబామా పక్షమును అభిమానించు ఒక మనుష్యుడు, అరువది ఏండ్లు దాటినవాడు, ఆ చెట్ల మొదట బలమైన కలుపుమందు పోసెను. 2011 జనవరిలో అభిమానులు వాదించుకొను ఒక రేడియో కార్యక్రమమునకు ఫోనుచేసి, తాను చేసినదానిని తానే చెప్పి అతిశయపడెను. పట్టుబడి, నేరమొప్పుకొని, 2013లో చెరసాలలో కొన్ని నెలలు గడిపెను. అదే యేడు ఏప్రిల్‌లో చచ్చిపోయిన ఆ చెట్లను నరికివేసిరి. విషము పట్టిన మట్టిని త్రవ్వి తీసివేసి, 2015లో క్రొత్త చెట్లు నాటిరి.

ఆ చెట్లు బంతి ఆడలేదు. అతని జట్టును ఓడించినవి అవి కావు. తన పక్షమును ప్రేమించుటతో మొదలై, ఎదుటి పక్షమును ద్వేషించుటవరకు వెళ్లి, తుదకు నీడనిచ్చు చెట్టును చంపుటవరకు ఆ హృదయము పోయెను. ఇంకొక సంగతియు చెప్పవలెను. అదే అలబామా పక్షపు అభిమానులు కొందరు సిగ్గుపడి, శత్రువుల చెట్లను బ్రదికించుటకు తమలో తాము చందాలు పోగుచేసిరి. ఒక్క జట్టు అభిమానులలోనే విషము పోసిన చేయియు, ఎరువు వేయజూచిన చేతులును ఉండెను.

ప్రియులారా, ఇక మన యింటికి వత్తము. కొరింథు సంఘములోను అభిమానులుండిరి. ఒకడు పౌలు పక్షమనెను, ఒకడు అపొల్లో పక్షమనెను, మరియొకడు కేఫా పక్షమనెను. పౌలు వారికి ఏమి జవాబిచ్చెను? తన పక్షమువారు ఎక్కువమందియని చెప్పుకొనలేదు. తాను నాటినవాడు, అపొల్లో నీళ్లు పోసినవాడు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే, మీరు దేవుని పొలము అని నచ్చజెప్పెను. పక్షముల వాదమునకు పౌలు సేద్యముతోనే సమాధానము చెప్పెను.

ఈ పాపములో మేమును పాలివారమే. కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో ఒక కాపరి యుండెను. సన్నని గొంతు. ప్రసంగము కాగితము చూచి చదువువాడు. పొరుగూరి కాపరి గొంతెత్తిన జనులు కన్నీరు కార్తురు. ప్రతి ఆదివారము ఆరాధన కాగానే వేపచెట్టు క్రింద కూడి, ఇద్దరిని త్రాసులో వేసి తూచుచుంటిమి. తుదకు మార్పు కోరుచు అర్జీ వ్రాసి, పదునొకండుగురము సంతకములు చేసితిమి. ఆ పదునొకండుగురిలో ఒక్కడైనను ఆ యేడు ఆయన గడప త్రొక్కియుండలేదు. ఆయన మారు మాట పలుకక, పెట్టెలు కట్టుకొని వెళ్లెను. తరువాత ఒక వితంతువు మాతో చెప్పెను. ఆమె కుమారుడు జబ్బుతో మంచము పట్టిన నలువది దినములు ఆ కాపరి ప్రతి సాయంకాలము సైకిలుమీద వచ్చి, మందు తెచ్చి యిచ్చి, మంచము ప్రక్కన మోకాళ్లూని ప్రార్థించి వెళ్లెడివాడట. చెట్టున పండు లేదని మేమనుకొంటిమి. పండు ఆకుల చాటున నుండెను. ఆ మాట విన్ననాటి రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేమాయనకు క్షమాపణ జాబు వ్రాసితిమి. వెళ్లిన మనుష్యుని మాత్రము తిరిగి తేలేకపోతిమి.

అట్లని కాపరిలో తప్పున్నను నోరు మూసికొనుడని చెప్పము. త్రవ్వుట కూడ తోటమాలి పనియే. పార తగిలిన వేళ్లకు నొప్పి కలుగును. తప్పున్నయెడల ప్రభువు నేర్పినట్లు మొదట ఒంటరిగా వెళ్లి ముఖాముఖిగా చెప్పుడి (మత్తయి 18:15). వేపచెట్టు క్రింద చెప్పిన మాట విషమగును. గడప లోపల చెప్పి, చెప్పినపిమ్మట కలిసి ప్రార్థించిన మాట ఎరువగును.

ఈ నెలలో ప్రతి విశ్వాసియు ఒక్క పని చేయవలెనని కోరుచున్నాము. మీరు ఎవరిని గూర్చి ఎక్కువగా విమర్శించుచున్నారో, ఆయన కాపరియైనను, పెద్దయైనను, పాటలు నడిపించు యువకుడైనను, సండేస్కూలు టీచరైనను, ఆ వ్యక్తి యింటికి ఒకసారి వెళ్లుడి. మీ భారమేమని అడుగుడి. అందులో ఒక కొసను మీరు పట్టుకొనుడి. సండేస్కూలు సరిగా జరుగుట లేదనువారు ఒక తరగతి తీసికొనుడి. పాటలు బాగుండలేదనువారు శనివారపు అభ్యాసమునకు రండి. పిడికెడు బియ్యము తక్కువగుచున్నవనువారు మొదట తమ పిడికిలి విప్పుడి. దేవుని సంఘములో చూచువారికి వేరుగా బల్లలు వేయబడలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును పొలములోనికి పిలువబడినవాడే.

కడపట ఒక మాట. ఆ ఉపమానములోని చెట్టు మన కాపరియని మనము తలంచుచుంటిమి. ఆ చెట్టు మనమే. ఎన్ని మూడేండ్లు యజమానుడు మనయొద్దకు వచ్చి వట్టి చేతులతో వెళ్లెను! అయినను మన పక్షమున మాటలాడువాడు ఒకడున్నాడు. గాయపడిన చేతులతో నేటికిని మన పాదు త్రవ్వుచున్నాడు. అంత గడువు పొందిన మనము మన సహోదరునికి ఒక యేడు గడువియ్యలేమా?

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, నీ తోటలో మమ్మును ఇంతవరకు నిలువనిచ్చితివి, నీకు స్తోత్రము. ఇతరులను తూచిన మా త్రాసును మా చేతిలోనుండి తీసివేయుము. మా మాటలలోని విషమును కడిగివేసి, పార పట్టుకొను మనస్సు మాకు దయచేయుము. మేము గాయపరచిన నీ సేవకులను నీవే ఆదరించుము. రాబోవు యేడు నీవు వెదకునప్పుడు మాయందు ఫలము కనబడునట్లు చేయుమని మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.