దింపుడు కల్లం: అంత్యక్రియల్లో రీతి, నీతి

మరణం ప్రకృతి సహజం. అంత్యక్రియ సంస్కృతి నిర్మితం. మృతదేహాన్ని దహనం చేయాలా, ఖననం చేయాలా, ఎన్ని దినాలు మైల పట్టాలి, తలకొరివి ఎవరు పెట్టాలి అనేవి వ్యక్తి ఇష్టానికి వదిలిన విషయాలు కావు. ఎమిల్ దుర్ఖైమ్ 1895లో వివరించిన ‘సామాజిక యథార్థం’ అనే భావనకు అంత్యక్రియ చక్కని ఉదాహరణ. ఆచారం వ్యక్తికి వెలుపల ఉండి అతణ్ణి నిర్బంధిస్తుంది. అయితే ఆ నిర్బంధంలో ధర్మమెంత, అలవాటెంత అన్నది విచారించవలసిన ప్రశ్న.

జగిత్యాల జిల్లా కథలాపూర్, దాని చుట్టుపట్ల ఉన్న కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ఆచారాలు ఈ విచారణకు తగిన ఆధారం. శవయాత్ర నడుమ పాడెను ఒకచోట దించి, ఆప్తులు మృతుని చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. అదే దింపుడు కల్లం. ప్రాణం ఉందేమోనన్న చివరి ఆశకు సమాజం కల్పించిన అవకాశమది. ఆపై మూడోనాటి నుండి పిట్టకు పెట్టడం, దినాలు చేయడం, బంధువులకు భోజనాలు పెట్టడం జరుగుతాయి. 2023లో విడుదలైన ‘బలగం’ చిత్రానికి పిట్ట ముట్టడమే కథాకేంద్రమైంది. మరణం క్షణంలో ముగిసే ఘటన కాదనీ, సమాజం క్రమంగా పూర్తిచేసే ప్రక్రియ అనీ రాబర్ట్ హెర్ట్జ్ 1907లో చేసిన ప్రతిపాదనకు ఈ క్రమం అద్దం పడుతుంది.

గల్ఫ్ వలస ఈ క్రమాన్ని కలచివేసింది. అక్కడ మరణించిన కార్మికుని దేహం పత్రాలన్నీ పూర్తయ్యాక, కొన్నిసార్లు వారాల తరువాత, పెట్టెలో శంషాబాద్ విమానాశ్రయానికి చేరుతుంది. అంతవరకు ఇంటివారు ఏడవాలో, ఎదురుచూడాలో తెలియని స్థితిలో ఉంటారు. సౌదీ అరేబియాలో దహనానికి అనుమతి లేదు కనుక, దేహం రాని హిందువుకు ఆ మట్టే గతి. 2020లో విమానాలు నిలిచిన నెలల్లో ఎన్నో కుటుంబాలు కడచూపునకు నోచుకోలేదు. అయినా ఆచారం ఆగిపోలేదు. దేహం లభించనపుడు దర్భతోనో మోదుగాకులతోనో ప్రతిమ చేసి దహనం చేయవచ్చని ధర్మశాస్త్రాలు పూర్వమే అంగీకరించాయి. అంటే రూపం కంటె మృతుని పట్ల బాధ్యతే ముఖ్యమని సంప్రదాయమే ఒప్పుకొన్నది.

అట్లయితే దినాల ఖర్చు విషయంలో ఆ సడలింపు ఎందుకు లేదు? ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే భర్తను కోల్పోయిన స్త్రీ, మాంసాహార భోజనాలకు మళ్ళీ అప్పు చేయవలసి వస్తుంది. చేయకపోతే లోకం మాట అంటుంది. విలియం గ్రాహమ్ సమ్నర్ 1906లో చూపిన లోకరీతులు, నైతిక నియమాల భేదం ఇక్కడ ఉపకరిస్తుంది. మృతుని గౌరవంగా సాగనంపడం నైతిక నియమం. ఇంతమందికి ఇట్లా వడ్డించాలనడం లోకరీతి. రీతిని నీతిగా భావించడమే ఆ ఇంటికి భారమవుతున్నది.

బంధువుల భోజనం నిరర్థకమని దీని అర్థం కాదు. దుఃఖంలో ఉన్న ఇంటిని ఒంటరిగా వదలకూడదన్నదే దాని మూలాశయం. కానీ ఆ ఆశయం నెరవేరాలంటే వచ్చినవారే బియ్యం, కూరగాయలు తెచ్చి వండిపెట్టవచ్చు. దేహం లేనపుడు ప్రతిమను అంగీకరించిన సమాజానికి, డబ్బు లేనపుడు గంజిని అంగీకరించడం అసాధ్యం కాదు. దింపుడు కల్లం వద్ద చనిపోయినవాణ్ణి మూడుసార్లు పిలిచే సమాజం, బతికి ఉన్న అతని భార్యాపిల్లల మాట ఒక్కసారి వినడం ఆ ఆచారానికి విరుద్ధం కాదు, దాని కొనసాగింపే.