అవ్వ నవ్వు

ధ్యానభాగము: 2 తిమోతి 1:3–7

మరణించినవారినిగూర్చి మంచియే పలుకవలెనను నియమము లోకమంతట నున్నది. మన సంఘముల జ్ఞాపకార్థ కూడికలలోను అదియే చెల్లుచున్నది. ఇంటిల్లిపాదికి ప్రియమైన అవ్వ ప్రభువునందు నిద్రించినప్పుడు, ఆమె ప్రార్థన మానినది లేదనియు, ఎన్నడును ఎవ్వరిని కోపగించుకొనలేదనియు పలువురు సాక్ష్యమిత్తురు. వెనుక వరుసలో కూర్చున్న మనుమడు ఆ మాటలకు కలవరపడును. వాడెరిగిన అవ్వ వేరు. పాస్టరుగారి ప్రసంగము దీర్ఘమైనప్పుడు ఆమె వానివైపు చూచి కన్ను గీటెడిది; బెల్లపు డబ్బాను పిల్లలకు అందకుండ దాచి, దాచిన చోటు తానే మరచి, పొట్ట చెక్కలగునట్లు నవ్వెడిది. ఆ నవ్వును ఆ దినమున ఎవ్వరును తలంపరు. భక్తురాలి స్మరణకు అది తగదని పెద్దల యభిప్రాయము.

నిజముగా తగదా? ప్రియులను స్మరించునప్పుడు ప్రేమ యొకటి కోరి, సత్యము మరియొకటి కోరునా?

సంఘచరిత్రలో ఒక అవ్వ ఈ ప్రశ్నకు సహాయపడగలదు. కుమారుని మారుమనస్సుకొరకు ఏండ్ల తరబడి కన్నీటితో ప్రార్థించిన తల్లిగా మోనికాను అనేకులెరుగుదురు. ఆమె ఒక మనుమనికి అవ్వయని తలంచువారు తక్కువ. అగస్టీను కుమారుని పేరు అడియోడాతు. దేవుడిచ్చినవాడని దాని యర్థము. 386 నవంబరులో, మిలాను పట్టణ ప్రాంతమందలి యొక పల్లెలోని యింట, అగస్టీను తన జన్మదినమున బంధుమిత్రులను చేర్చి, ధన్యజీవితమనగా నేమని చర్చ ప్రారంభించెను. దేవుని కలిగియున్నవాడెవడను ప్రశ్నకు, అందరిలో చిన్నవాడైన అడియోడాతు, అపవిత్రాత్మ లేనివాడేయని చెప్పెను. వినిన జవాబులన్నిటిలో అవ్వకు ఆ జవాబే మిక్కిలి నచ్చెనని అగస్టీను వ్రాసెను. నాడే, సత్యము మనుష్యునకు దొరకదనుచు దానినే వెదకు తత్త్వవేత్తలనుగూర్చి వాదము సాగెను. ఆమె వారి సంగతి విని, వాడుకభాషలో వారిని మూర్ఛరోగులని యొక్క మాట అని లేచెను. అందరును నవ్వుచు ఆనాటి చర్చ చాలించిరి.

ఆ హాస్యము మనకు పూర్తిగా రుచింపదు. ఒకరి వ్యాధిని పరిహాసమునకు వాడుకొనుట మంచిది కాదు. అయినను కుమారుడు దానిని తుడిచివేయలేదు.

మరుసటి సంవత్సరము, 387లో, ఆమె తన యేబదియారవ యేట ఓస్తియా రేవుపట్టణములో మరణించెను. అవ్వ తుదిశ్వాస విడువగానే మనుమడు బిగ్గరగా ఏడ్చెను. విశ్వాసమందు మరణించినవారికొరకు విలపించుట తగదని పెద్దలందరు వానిని ఊరకుండజేసిరి. నాడు మనుమని కన్నీరు తగదనిరి; నేడు మనము వాని నవ్వు తగదనుచున్నాము. అగస్టీను సహితము అప్పుడు కన్నీరు బిగబట్టి, పిమ్మట ఏకాంతమున తనివితీర ఏడ్చెను. ఇంచుమించు పదియేండ్లకు తన ఒప్పుకోలు గ్రంథములో ఆ యేడ్పును దాచక వ్రాసెను. తల్లి బాల్యములోని యొక తప్పిదమును కూడ వ్రాసెను. ద్రాక్షారసము తెచ్చుటకు పంపబడిన ఆ పిల్ల, మొదట పెదవి తడుపుకొని, క్రమముగా గిన్నెలే త్రాగ నలవాటుపడి, ఒకనాడు దాసి త్రాగుబోతని యెత్తిపొడువగా సిగ్గుపడి మానుకొనెను. ఈ కథను కుమారునికి చెప్పినది మోనికాయే.

1945లో ఓస్తియాలో ఆటకొరకు గుంట త్రవ్వుచున్న యిద్దరు బాలురకు ఆమె సమాధిశిలలో ఒక ముక్క దొరికెను. ఆ శిలాశాసనములో సద్గుణముల ప్రశంస కలదు. ద్రాక్షారసపు గిన్నె లేదు. రెండును ప్రేమతో చెక్కబడినవే. కాని మోనికా యెవరో తెలియగోరువాడు శిలను విడిచి పుస్తకమునొద్దకే పోవును.

అయితే ప్రేమ దోషములను కప్పవలదా? తండ్రి దిగంబరత్వమును బయటపెట్టిన హాము శాపకారణమాయెను గదా? ఈ యాక్షేపణ న్యాయమైనది. దీనికి ఒక హద్దు కలదు. అవ్వ తానే నవ్వుచు పదుగురికి చెప్పుకొనినదానిని మనము చెప్పవచ్చును. ఆమె మోకాళ్లమీద దేవునికి మాత్రమే చెప్పుకొనినది మన సొత్తు కాదు. క్రీస్తు రక్తము కప్పినదానిని మనము విప్పరాదు. ఈ హద్దుకు లోబడిన స్మరణ ఆమెను అవమానపరచదు. తప్పే యెరుగని అవ్వను మనము కల్పించినయెడల, క్రీస్తు ఆమెకు చేసినదేమి? మన పొగడ్త కృపకు చోటులేకుండ చేయును. శారా తాను నవ్వి, నవ్వలేదని బొంకెను. లేఖనము ఆ బొంకును దాచలేదు. అయినను దేవుడు ఆమె కుమారునికి నవ్వు అను అర్థముగల పేరే నియమించెను.

తన్ను చూచుకొని తాను నవ్వగల వృద్ధురాలు తన నీతిమీద ఆనుకొనినది కాదు. అట్టి నవ్వు దీనత్వపు ఫలము. తిమోతి అవ్వయైన లోయి విశ్వాసమును పౌలు నిష్కపటమైనదని పేర్కొనెను. గ్రీకు మూలమందు ఆ మాటకు నటన లేనిదని భావము. నటన లేక జీవించిన అవ్వకు, ఆమె మరణించిన పిమ్మట, మనము వేషము తొడుగనేల?

కాబట్టి రాబోవు కూడికలో వెనుక వరుసలోని మనుమని ముందుకు పిలువుడి. బెల్లపు డబ్బా సంగతి వానిని చెప్పనియ్యుడి. వాడు చెప్పుచు నవ్వును, నవ్వుచు ఏడ్చును. సంఘము వానిని ఊరకుండజేయక, వానితోకూడ ఆ అవ్వనుబట్టి దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించునుగాక.