పాత ప్రతి చూసి చెప్పిన మాట సత్యమేనా?

తన ఎదుట ఉన్న కాగితంలో ఏముందో అదే, ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి సత్యం పలికినట్టేనా? ఆ కాగితం అప్పటికే చెల్లకుండా పోయింది. దాని స్థానంలో మరొకటి వచ్చింది. ఆ సంగతి అతనికి తెలియదు. మోసగించాలన్న ఆలోచన లేదు, దాచిపెట్టింది ఏమీ లేదు. అయినా అతని మాట నమ్మి చేసిన పని తప్పయి కూర్చుంది. అతన్ని సత్యవాది అనవచ్చా?

డాక్యుమెంట్ కంట్రోలర్‌గా నా ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మాది నీటి సరఫరా పథకాలకు డిజైన్లు చేసే సంస్థ. డిజైన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఇంకొక ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. పనులు జరిగే ప్రతిచోటా ఒక సైట్ ఆఫీసు ఉంటుంది. డ్రాయింగులు, లెక్కలు, టెండరు పత్రాలు, పంపులూ వాల్వులూ తయారుచేసేవాళ్లు పంపిన వివరాలు, ప్రభుత్వ శాఖలతో నడిచిన ఉత్తరాలు అన్నీ కలిపితే లక్షల ఫైళ్లు. మేం దాన్ని లైబ్రరీ అంటాం. అది అన్ని ఊళ్లవాళ్లకూ, ఒకే సమయంలో, ఒకేలా కావాలి.

హైదరాబాద్‌లో ఒకేచోట ఉంచి అందరూ అక్కడినుంచే తెరుచుకుంటే సరిపోదా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి విశాఖ ఎంత దూరమని వాళ్ల లెక్క. కానీ పెద్ద డ్రాయింగు ఒకటి తెరవాలంటే మన కంప్యూటరూ అవతలి సర్వరూ వందలసార్లు ప్రశ్నా జవాబూ నడుపుకోవాలి. ప్రతి ప్రశ్నకూ రానూ పోనూ ప్రయాణమే. పైగా సైట్ ఆఫీసులకు వచ్చే లైను సన్నం. పైపులైను కోసం రోడ్డు తవ్వేది మేమే, ఆ తవ్వకంలో తెగేది మా కేబులే. అందుకని ఒక్కో ఆఫీసులో ఒక్కో సర్వరు పెట్టి, లైబ్రరీ ప్రతిని ప్రతిచోటా ఉంచుతారు. ఒకచోట మారింది మిగతా చోట్లకు ప్రవహిస్తూ ఉంటుంది. విండోస్ సర్వర్ 2003 ఆర్2తో వచ్చిన డీఎఫ్ఎస్ రెప్లికేషన్ చేసే పని ఇదే. ఫైలు మొత్తం మళ్లీ పంపదు, మారిన ముక్కల్ని మాత్రమే పంపుతుంది. ఏర్పాటు మంచిదే. కాకపోతే ఒకే పత్రం అనేక చోట్ల ఉండటం మొదలైన క్షణం నుంచి, ఆ అనేకం ఒకటేనా అన్న సందేహమూ మొదలవుతుంది.

ఒక పంపుహౌస్ దగ్గర జరిగింది చెబుతాను. తయారీదారు పంపు మోడల్ మార్చడంతో ఫౌండేషన్ బోల్టుల మధ్య దూరం మారింది. డిజైన్ విభాగం డ్రాయింగు సవరించి ఆర్3 నంబరుతో విడుదల చేసింది, సర్వర్‌లో పెట్టింది. ఆ సాయంత్రం సైట్ లైను తెగి ఉంది. సైట్ సర్వర్‌లో పాత రివిజన్ ఆర్2 అలాగే ఉంది. దానిమీద ‘గుడ్ ఫర్ కన్‌స్ట్రక్షన్’ ముద్ర స్పష్టంగా ఉంది. మేస్త్రీ కొలత అడిగితే సైట్ ఇంజనీరు ఆర్2 తెరిచి చూసి చెప్పాడు. మర్నాడు కాంక్రీటు పోశారు. పంపు వచ్చాక బేస్ ప్లేటు రంధ్రాలు ఒకచోట, బోల్టులు మరోచోట. గట్టిపడిన బెడ్‌ను చిప్పింగ్ చేసి, పాత బోల్టులు కోసేసి, కొత్తవి నాటి మళ్లీ గ్రౌటింగ్ చేయాల్సి వచ్చింది.

ఆ కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. “మేడమ్, డ్రాయింగులో ఏముందో అదే చెప్పాను. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ చెయ్యలేదు. అందరూ నన్నే అంటున్నారు. నేను చెప్పినదాంట్లో అబద్ధమేముంది మేడమ్?” గొంతు వణుకుతోంది.

“నువ్వు అబద్ధం చెప్పలేదు బాబూ” అన్నాను. ఆ మాట మీద ఈరోజుకీ నిలబడతాను. కానీ అబద్ధం చెప్పకపోవడం ఒకటి, సత్యం చెప్పడం ఒకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడమెంతో మన పెద్దలు చాలా నిక్కచ్చిగా కొలిచిపెట్టారు.

పతంజలి చెప్పిన ఐదు యమాల్లో సత్యం రెండోది. దానికి వ్యాసభాష్యం ఇచ్చిన వివరణ మనం మామూలుగా అనుకునేదానికంటే కఠినమైనది. చూసినదానికీ, ఊహించి తెలుసుకున్నదానికీ, విన్నదానికీ మాటా మనసూ రెండూ అనుగుణంగా ఉండాలని భాష్యకారుడు మొదలుపెడతాడు. అక్కడితో ఆగడు. మాట్లాడేది మన ఎరుకను ఎదుటివాడికి చేర్చడానికి. కాబట్టి ఆ మాటలో వంచన ఉండకూడదు, భ్రాంతి ఉండకూడదు, విన్నవాడికి ఏమీ తెలియకుండా పోయే మాట కూడా కాకూడదు అంటాడు. పైగా అది ప్రాణులకు మేలు చేసేదై ఉండాలంటాడు. మా సైట్ ఇంజనీరు మాటలో వంచన లేదు, కానీ భ్రాంతి ఉంది. మనసు శుభ్రంగా ఉన్నంతమాత్రాన భ్రాంతి సత్యమైపోదు. విన్నవాడి పని చెడిపోయిందా లేదా అన్నది కూడా సత్యం లెక్కలోకే వస్తుంది.

న్యాయశాస్త్రం ఇదే విషయాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని గౌతముడు నాలుగు ప్రమాణాలు చెప్పాడు. శబ్దమంటే ఆప్తుడి మాట. ఇంకొక ఊళ్లో తయారై మన తెర మీదికి వచ్చిన డ్రాయింగు అచ్చంగా శబ్దప్రమాణమే. ఆ పంపును మనం చూడలేదు, చూసినవాళ్ల మాట నమ్ముతున్నాం. మరి ఆప్తుడెవరు? విషయాన్ని తాను సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు తెలియజేయాలన్న కోరికతో పూనుకుని చెప్పేవాడు అని వాత్స్యాయన భాష్యం చెబుతుంది. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం సమానమేనంటుంది. అంటే హోదాతో, పుట్టుకతో, ముద్రతో ప్రామాణ్యం రాదు. ఎరుకతో, తెలియజేయాలన్న పూనికతో వస్తుంది.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే పంపుహౌస్ దగ్గర ఏం జరిగిందో తేటపడుతుంది. సైట్ ఇంజనీరుకు చెప్పాలన్న పూనిక ఉంది, ఎరుక లేదు. డిజైన్ విభాగానికి ఎరుక ఉంది. పూనిక మాత్రం సర్వర్‌లో ఫైలు పెట్టడంతో ఆగిపోయింది. అది అందిందా, పాతదాన్ని తీసేశారా అని అడిగినవాళ్లు లేరు. ఆప్తుడికి ఉండాల్సిన రెండు లక్షణాలూ మా సంస్థలో రెండు ఊళ్లలో విడివిడిగా ఉండిపోయాయి. నిందంతా కుర్రాడి మీద వేయడం అందుకే అన్యాయం. తెలియక చెప్పినవాడికంటే, తెలిసి కూడా చేరేదాకా చెప్పనివాడే సత్యానికి ఎక్కువ దూరంలో ఉన్నాడని నా నిశ్చయం.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, అది బలమైనదే. ప్రతి కొలతకూ హైదరాబాద్‌ను అడిగి తీరాలంటే, లైను తెగిన రోజు పని ఆపుకుని కూర్చోవాలా? ఈ చిక్కు కంప్యూటర్ శాస్త్రజ్ఞులకూ ఎదురైంది. ఎరిక్ బ్రూవర్ 2000లో దీన్ని ఒక సూత్రంగా ప్రతిపాదించాడు. 2002లో సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించారు. వాళ్లు చెప్పింది మామూలు మాటల్లో ఇది: వేర్వేరు చోట్ల ప్రతులున్నప్పుడు, వాటి మధ్య సంబంధం తెగితే, అడిగిన ప్రతివాడికీ జవాబివ్వడం, ఆ జవాబు ఎప్పుడూ తాజాదే కావడం రెండూ కలిసి కుదరవు. జవాబివ్వకుండా ఊరుకోవాలి, లేదా పాతదై ఉండగల జవాబివ్వాలి. ఎంత డబ్బు పోసినా, ఎంత మంచి సర్వర్లు కొన్నా ఈ ఎంపిక తప్పదు. మౌనమో, పొరపాటుకు చోటున్న మాటో.

నా వరకు, ఈ రెంటి మధ్య మనిషికి తగిన దారి జైనులు చూపించారు. ఏ మాటైనా ఒక అపేక్షతోనే నిజమవుతుందని స్యాద్వాదం చెబుతుంది. ఎవరి మాట వారికి నిజం అన్న సోమరితనంగా దాన్ని చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. నిజానికి అది చాలా కచ్చితత్వాన్ని కోరే సిద్ధాంతం. ద్రవ్యం, క్షేత్రం, కాలం, భావం అని నాలుగింటిని జైన తార్కికులు లెక్కపెట్టారు. ఏ వస్తువు గురించి, ఏ చోట, ఏ కాలంలో, ఏ స్థితిలో అన్నది కలిపి చెబితేనే మాట నిలబడుతుంది. ఇప్పుడు మా సైట్లలో ప్రింటు తీసే ప్రతి డ్రాయింగు అడుగున ఈ నాలుగూ ఉంటాయి: డ్రాయింగు నంబరూ రివిజనూ, ఏ ఆఫీసు సర్వరు నుంచి తీసిందీ, ఆ సర్వరు హైదరాబాద్‌తో చివరిసారి సరిచూసుకున్న తేదీ, సమయం, అది ఆమోదం కోసం ఇచ్చిందా, కట్టడం కోసం ఇచ్చిందా, రద్దయిందా అన్నది. “బోల్టుల మధ్య దూరం ఇంత” అనే బదులు “నిన్న రాత్రి వరకు అందిన ఆర్2 ప్రకారం ఇంత” అంటే ఆ మాటలో భ్రాంతి ఉండదు. వినే మేస్త్రీకి కాంక్రీటు పోయాలో, ఒకపూట ఆగాలో తేల్చుకునే వీలుంటుంది. మన ఎరుక ఎక్కడిదాకా ఉందో చెప్పడం కూడా సత్యంలో భాగమే.

ఇదంతా ఒకరు రాసి, మరొకరు చదివే సందర్భం. ఇద్దరూ రాస్తే ఇంకా చిక్కు. ఒకే వాల్వుల జాబితాను ఒకే మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఒకరు, విశాఖలో ఒకరు తెరిచి దిద్దారనుకోండి. డీఎఫ్ఎస్ రెప్లికేషన్ ఒక ఊరి తాళాన్ని ఇంకో ఊళ్లో గుర్తించదు. ఇద్దర్నీ రాయనిస్తుంది. తర్వాత గడియారం చూసి చివర రాసినవాడి ప్రతిని నిలబెట్టి, రెండోదాన్ని ఎవరికీ కనిపించని ఫోల్డర్‌లోకి తోసేస్తుంది. ఆ ఫోల్డరు నిండుతుంటే పాతవాటిని తుడిచేస్తుంది. ఓడిపోయినవాడికి కబురు కూడా ఉండదు. చివర రాసినవాడు సరైనవాడు అవ్వాలని ఎక్కడుంది? ఆ ‘చివర’ అన్నదైనా గట్టిదా అంటే, దూరదూరంగా ఉన్న యంత్రాల మధ్య ఏది ముందు ఏది వెనుక అన్నది గడియారాలతో అన్నివేళలా తేలదని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించాడు.

ఇలాంటి చిక్కునే శ్వేతాంబర జైనులు పదిహేను వందల ఏళ్ల కిందట ఎలా తీర్చుకున్నారో చూడండి. వాళ్ల ఆగమాలు నోటి పాఠంగా నడిచేవి. కరువు వల్ల సాధువులు చెల్లాచెదురై, పాఠాలు మరుగున పడుతుంటే 4వ శతాబ్దంలో మథురలో స్కందిలుడి ఆధ్వర్యంలో ఒక సభ, వలభిలో నాగార్జునుడి ఆధ్వర్యంలో మరో సభ జరిగి పాఠాలను కూర్చాయి. ఈ నాగార్జునుడు మనకు తెలిసిన బౌద్ధాచార్యుడు కాదు. ఆచార్యులిద్దరూ కలుసుకుని సరిచూసుకోకుండానే గతించారని సంప్రదాయం చెబుతుంది. రెండు ఊళ్లలో రెండు పాఠాలు నిలిచాయి. 5వ శతాబ్దంలో వలభిలోనే దేవర్ధిగణి క్షమాశ్రమణుడు సభ చేసి ఆగమాలను గ్రంథస్థం చేయించినప్పుడు మథుర పాఠాన్ని ప్రధానంగా తీసుకున్నారు. సభ జరిగింది వలభిలో అయినా ఆ ఊరి పాఠాన్నే నిలబెట్టాలని పట్టుబట్టలేదు. అలాగని నాగార్జునుడి పాఠాన్ని పారెయ్యలేదు. భేదమున్నచోట నాగార్జునీయులు ఇలా చదువుతారని పేరు పెట్టి మరీ చెప్పే ఆనవాయితీ వ్యాఖ్యానాల్లో నిలిచింది. ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకున్నారు. ఓడిన పాఠాన్ని మాత్రం వెలుగులో ఉంచారు. అహింస అన్నది మాటల విషయంలో పాటిస్తే ఇలా ఉంటుంది.

మేం ఇప్పుడు దిద్దే ఫైళ్లను చెకవుట్ పద్ధతిలోకి మార్చుకున్నాం. ఒకరు దిద్దుతుంటే మిగిలినవాళ్లు చదవగలరు, రాయలేరు. పాత రూపాలన్నీ ఎవరు, ఎప్పుడు మార్చారో పేరుతో సహా ఉంటాయి. దీనికీ ఒక రోగముంది. ఫైలు చెకవుట్ చేసుకుని, తాళం తీయకుండా సెలవు మీద వెళ్లిపోయేవాళ్లుంటారు. ఊళ్లకు ఊళ్లు ఆగిపోతాయి. పతంజలి జాబితాలో సత్యంతో మొదలైన ఆలోచన చివరనున్న అపరిగ్రహం దాకా వెళ్లక తప్పదు. పదిమందిదైన పత్రాన్ని అవసరానికి మించి పట్టుకుని కూర్చోవడం పరిగ్రహమే. కలం తన చేతిలోకి తీసుకోవడం ఒక బాధ్యత, పనవగానే వదలడం అంతకంటే పెద్ద బాధ్యత.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. పాత ప్రతి చూసి నిజాయితీగా చెప్పినవాడు దోషి కాడు. అతను చెప్పింది సత్యమూ కాదు. మనుషులు దూరదూరంగా ఉండి కలిసి పనిచేసే చోట సత్యం ఒక్కరి వ్రతంగా సాగదు. తెలిసినవాడు చేరేదాకా చెప్పాలి. అందుకున్నవాడు అందిందని జవాబివ్వాలి. చెప్పేవాడు తన మాటకు తేదీ కట్టాలి. వీటిలో ఒక్కటి లోపించినా మిగతావాళ్ల నిజాయితీ ఆ లోటును పూడ్చలేదు.

మీరు ఏ ఆఫీసులో ఉన్నా సరే, కొత్త ప్రతి మీ చేతికి వచ్చిన రోజున పాతది ఇంకా ఎవరి బల్ల మీద ఉందో కనుక్కుని, వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. సర్వరు తన పని తాను చేస్తుంది. సత్యం చేర్చే పని మాత్రం మనది.