అవయవం దానమా, చేబదులా?

అవయవమార్పిడిని గురించి మన విద్యావంతుల మాటల్లో రెండు ధోరణులు కనిపిస్తున్నవి. ఒకటి విస్మయం: శాస్త్రం ఎంతవరకు వచ్చిందో చూడండి అంటుంది. రెండవది భక్తి: శిబి, దధీచి, కర్ణుల పేర్లు చెప్పి ఇదంతా మనకు అనాదిగా ఉన్నదే అంటుంది. ఎవరి అవయవం ఎవరికి పోతున్నది, ఏ సంబంధాన్నిబట్టి పోతున్నది అన్న ప్రశ్నకు రెండింటిలోనూ చోటు లేదు. సాహిత్యం పాఠం చెప్పుకొనేవాణ్ణి గనుక నేను ‘దానం’ అనే మాట దగ్గరనే మొదలుపెడతాను.

ఆ పురాణకథలనే జాగ్రత్తగా చూడండి. శిబిచేత ఒళ్లు కోయించినది డేగ వేషంలో వచ్చిన ఇంద్రుడు. దధీచి ఎముకలతో వజ్రాయుధం చేయించుకొన్నది ఇంద్రుడు. బ్రాహ్మణ వేషంలో వచ్చి కర్ణుని కవచకుండలాలు ఒలిపించుకొని పోయినది కూడా ఇంద్రుడే. దాతలు ముగ్గురు, పుచ్చుకొన్నవాడు ఒక్కడు. అతడు రోగి కాడు, పాలకుడు. శిబి కథ కేవలం పరీక్ష అనవచ్చు. పరీక్ష పెట్టే అధికారం ఎవరిదో కూడా చూడాలి గదా. ఇక వినాయకుని తలే తొలి శస్త్రచికిత్స అని మురిసేవారు ఏనుగు సంగతి ఎత్తరు. దాని సమ్మతి ఎవరూ అడగలేదు.

దానమనే మాటలో ఈ పాత సంబంధం ఇమిడి ఉన్నది. అది ఇచ్చేవాని పుణ్యాన్ని లెక్కపెడుతుంది; పుచ్చుకొనేవాడెవడని అడగదు. 1994 నాటి చట్టం అవయవాల క్రయవిక్రయాలను నిషేధించింది. అయినా 2025 జనవరిలో సరూర్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిమీద అధికారులు దాడి చేయగా మూత్రపిండాల వ్యాపారం బయటపడింది. ఇచ్చినవారు వేరే రాష్ట్రంనుంచి తెచ్చిన పేద స్త్రీలు. పుచ్చుకొన్నవారు లక్షలు పోయగలవారు. చట్టబద్ధంగా జరిగేవాటిలో సైతం, మన దేశంలో బ్రతికి ఉండి ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు, పొందేవారిలో ఎక్కువమంది పురుషులు. సంపాదించే ఒళ్లు చెక్కుచెదరకూడదు, వండిపెట్టే ఒళ్లు తెగినా ఫరవాలేదు అన్న లెక్క దీని వెనుక ఉన్నది. దీన్ని త్యాగమని పొగడడం చాలా సులభం.

అందుకే 2025 ఏప్రిల్‌లో ఉస్మానియా ఆసుపత్రిలో జరిగిన చిన్నపేగు మార్పిడికి నేను ఎంతో ప్రాముఖ్యం ఇస్తాను. అబిడ్స్‌నుంచి మొజంజాహీ మార్కెట్టు మీదుగా నడిచిపోగల దూరంలో ఉన్న సర్కారు దవాఖాన అది. 2020 వానల్లో వార్డుల్లోకి నీళ్లు వచ్చి పాత భవనం మూతపడిన దవాఖాన. అక్కడ డాక్టర్ మధుసూదన్ నాయకత్వాన మరణించిన వ్యక్తి పేగును మరొకరికి అమర్చారు. తెలంగాణలో ఇదే మొదటిదని ప్రకటించారు. రక్తనాళాలు గడ్డకట్టి పేగు చచ్చిపోతే కోసివేయక తప్పదు. ఆపైన మనిషి ఎంత తిన్నా ఒంటికి పట్టదు. కంచంలో అన్నం ఉండి ఆకలితో మాడడమన్నమాట. పోషణ అంతా రక్తనాళంలోకి ఎక్కించాలి. నెలలతరబడి ఆ ఖర్చు ఏ కూలివాడు భరించగలడు?

పేగు అమర్చడం మహా మొండి పని. 1959లో అమెరికాలో లిల్లెహై కుక్కల్లో చేసి చూపినా, మనుషుల్లో అది నిలబడడానికి మూడు దశాబ్దాలు పట్టింది. పేగు గోడల్లో రక్షకకణాలు కిక్కిరిసి ఉంటవి, లోపల సూక్ష్మజీవులు నిండి ఉంటవి. కొత్త శరీరం పేగును తిరస్కరిస్తుంది. ఒక్కొక్కప్పుడు పేగే శరీరాన్ని తిరస్కరిస్తుంది.

ఈ తిరస్కారంమీద కొందరు ఒక తత్త్వం అల్లుతారు. మనిషి స్వభావతః ఒంటరివాడు, పరాయిదాన్ని సహించడు, కాబట్టి సమష్టి జీవనం ప్రకృతివిరుద్ధమట. మా కాలేజీలో సైన్సు చెప్పే మిత్రుడొకరు సగం నవ్వుతూ ఈ మాట అన్నారు. ఆయన శాస్త్రమే ఆయనకు జవాబు చెప్తున్నది. యుద్ధకాలంలో గ్లాస్గోలో ఒంటికి కాలిన రోగిని పరిశీలించి, తిరస్కారం శరీరపు రక్షణచర్య అని 1943లో చూపినవాడు మెదావర్. పుట్టకముందే పరాయి కణాలతో పరిచయమైన ఎలుక పెద్దదైన తర్వాత ఆ పరాయి చర్మాన్ని స్వీకరిస్తుందని 1953లో, సహచరులతో కలిసి, చూపినవాడూ ఆయనే. 1960లో నోబెల్ బహుమతి వచ్చినది ఈ రెండవ సంగతికి. తన, పర అన్న భేదం విధిలిఖితం కాదు. శరీరం నేర్చుకొన్న పాఠం.

చెయ్యి ఇంకొక చిక్కు తెచ్చిపెట్టింది. చెయ్యి లేకున్నా మనిషి బ్రతకగలడు. ప్రాణం నిలుపుకోవడానికి కాక పనిచేయడానికి, జీవితాంతం టాక్రోలిమస్ వంటి మందులు మింగి అంటురోగాలకూ కాన్సరుకూ తావివ్వవచ్చునా? 1998లో ఫ్రాన్సులోని లియాన్‌లో చెయ్యి అమర్చుకొన్న వ్యక్తి మందులు మానివేశాడు; అది తనది అనిపించడం లేదని 2001లో తీయించివేసుకొన్నాడు. మన దేశంలో మొదటిసారి 2015లో కొచ్చిలో ఒకరికి రెండు చేతులూ అమర్చారు. నాడీతంతువు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతూ వేలికొస చేరాలి. అంతకాలమూ రోగి ఆ చేతికి పని నేర్పుతూ ఉండాలి. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటుమీద కొన్న పాత పుస్తకం మొదటి పేజీలో ఎవరి పేరో ఉంటుంది, అంచుల్లో ఎవరి గీతలో ఉంటవి. ఆ పేరు కొట్టివేసినంతమాత్రాన పుస్తకం మనది కాదు, చదివితే అవుతుంది. చేతిని తీర్చిదిద్దినది శ్రమే అన్న సిద్ధాంతం మన పాఠకులకు కొత్తది కాదు.

అర్థశాస్త్రం చదివే కుర్రవాడొకడు నన్ను నిలదీశాడు. శ్రమశక్తిని అమ్ముకోవడం న్యాయమైతే మూత్రపిండాన్ని ఎందుకు అమ్ముకోకూడదు? ఇరాన్‌లో 1988నుంచి ప్రభుత్వ పర్యవేక్షణలో డబ్బు ఇస్తున్నారు గదా? తెలివైన ప్రశ్నే. శ్రమశక్తి అమ్మకం న్యాయమని ఒప్పుకొన్నవారు దీనికి జవాబు చెప్పలేరు. మనం ఎన్నడు ఒప్పుకొన్నాం?

దానమూ కాక, అమ్మకమూ కాక, మూడవ సంబంధానికి మన ఊళ్లలో మాట ఉన్నది: చేబదులు. దానికి పత్రం లేదు, వడ్డీ లేదు, పుణ్యమూ లేదు. ఇవాళ నాకు, రేపు నీకు. ఉస్మానియాలో 2021నుంచి ఒక చర్మనిధి ఉన్నది. మరణించిన ఆరు గంటలలోపు తొడలమీదా వీపుమీదా పలుచని పొర తీసి, గ్లిసరాల్‌లో 5 ఏళ్ల వరకు దాచవచ్చు. రక్తం గ్రూపు కలవనక్కరలేదు. ఆ చర్మం శాశ్వతంగా అంటుకోదు. కాలిన ఒంటిని కొన్ని వారాలు కప్పి కాపాడి రాలిపోతుంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ రెండువేల ఏళ్లు దాటినా చెడకుండా ఉన్నది; ఎవరి ఒంటికీ అక్కరకు రాలేదు.

మరణానంతరం అవయవాలు ఇచ్చినవారి దగ్గరి బంధువులకూ, స్త్రీలకూ నిరీక్షణ జాబితాలో ప్రాధాన్యం ఇమ్మని 2025 ఆగస్టులో కేంద్రసంస్థ నోటో రాష్ట్రాలకు సూచించింది. ఇది చేబదులు న్యాయమే. కాని జాబితాదాకా రావడానికే పరీక్షలకు డబ్బు కావాలి. నాంపల్లికి దగ్గరలోనే గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తవని నేను అడగను. మందుల కిటికీ దగ్గర టాక్రోలిమస్ ప్రతినెలా దొరుకుతుందా? ఆ మందు అందకపోతే పేగు పోతుంది, మనిషీ పోతాడు.

మరొక అడ్డంకి మన ఇళ్లలోనే ఉన్నది. అవయవాలు ఇస్తానని రాసే పత్రంమీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఒకరు దగ్గరి బంధువు కావాలి. శరీరం వ్యక్తిదా, సమాజానిదా అని మా ఎం.ఏ. తరగతిలో గంటసేపు వాదోపవాదాలు జరిగిన తర్వాత ఒక అమ్మాయి లేచి, “మా అన్న సంతకం పెట్టడండీ. పెళ్లికాని పిల్లవు, నీ ఒళ్లు నీ ఇష్టమా అంటాడు” అన్నది. మూడవ హక్కుదారును ఆమె చూపించింది. దగ్గరి బంధువులలో ఎవరైనా సరే, అన్నే కానక్కరలేదని చెప్పాను. అమ్మమ్మ ఒప్పుకొంటుందట, అమ్మమ్మకు చదువు రాదు, వేలిముద్ర చెల్లుతుందా అని అడిగింది.