ప్రాణానికి వెల కట్టవచ్చా?

ఒక మనిషి ప్రాణం ఖరీదెంత? ఈ ప్రశ్న వినగానే విశ్వాసి మనసు ఒప్పుకోదు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఒక ప్రాణాన్ని కాపాడటం యావత్తు మానవాళిని కాపాడటంతో సమానమని దివ్య ఖుర్ఆన్ ‘అల్ మాయిదా’ సూరా 32వ ఆయతు బోధిస్తోంది. మరి దానికి లెక్కలేమిటి?

అయితే లెక్క లేకుండా వైద్యం జరగదన్నదీ నిజమే. ప్రభుత్వ ఖజానా అయినా, మస్జిదులోని బైతుల్‌మాల్ అయినా పరిమితమే. సంపదను ఎలా ఆర్జించావు, ఎందులో ఖర్చు చేశావు అని ప్రళయదినాన ప్రతి దాసుణ్ణీ ప్రశ్నించడం జరుగుతుంది. కనుక ఉన్న సొమ్ము ఏ రోగానికి, ఎందరికి ఉపయోగపడుతుందో చూసుకోవడం తప్పు కాదు. ఈ పని కోసమే ‘వైద్య ఆర్థిక శాస్త్రం’ పుట్టింది. అది రెండింటిని కొలుస్తుంది: రోగానికయ్యే ఖర్చు, రోగి కోరిక.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. రామకుప్పం మండలంలో ఒక కూలీ కుటుంబాన్ని ఊహించండి. జబ్బుపడిన తల్లిని కుప్పానికో, వేలూరుకో, బెంగుళూరుకో తీసుకెళ్లాలి. ఆసుపత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదు. రానుపోను ఛార్జీలు, బయట తిండి, తోడు వెళ్లిన కొడుకు పోగొట్టుకున్న కూలీ, అన్నీ ఖర్చే. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు ఆపరేషన్ల భారాన్ని తగ్గించింది. పోయిన కూలీ కూడా ఖర్చేనని గుర్తించి 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఆరోగ్య ఆసరా’ను ప్రారంభించింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు రూ. 225, నెలకు గరిష్ఠంగా రూ. 5,000 అన్నది అప్పటి లెక్క. ఇలాంటి లెక్క కారుణ్యానికి తోడ్పడుతుంది.

చిక్కు వచ్చేది రెండో కొలతతోనే. “ఈ బాధ పోవడానికి మీరు ఎంత చెల్లించగలరు?” అని పరిశోధకులు అడుగుతారు. మరో పద్ధతి 1972లో కెనడా పరిశోధకులు రూపొందించినది: “జబ్బుతో పదేళ్లు బతుకుతారా, ఆరోగ్యంగా అంతకన్నా తక్కువ కాలం బతుకుతారా?” అని అడిగి, ఎన్నేళ్లు వదులుకుంటారో చూస్తారు.

మొదటి ప్రశ్నకు భూస్వామి లక్ష అంటాడు, కూలీ వెయ్యి అంటాడు. కూలీ నొప్పి చిన్నదా? కాదు, అతని జేబు చిన్నది. అలాగే మన ఇళ్లలో పెద్దలు, “ఈ వయసులో నాకెందుకు బేటా ఈ ఖర్చు?” అంటారు. దాన్ని ఆమె కోరికగా రాసుకుంటే పేదరికం పలికిన మాటను మనిషి మాటగా పొరబడినట్టే. వయసును బట్టి వెల కట్టే పొరపాటు పండితులూ చేశారు. 1993లో ప్రపంచ బ్యాంకు నివేదిక వాడిన వ్యాధిభారపు కొలమానం యువకుడి జీవితంలోని ఏడాదికి ఎక్కువ, పసిబిడ్డ, వృద్ధుల ఏడాదికి తక్కువ విలువ ఇచ్చింది. విమర్శల తర్వాత, 2012లో వెలువడిన ప్రపంచ వ్యాధిభార అధ్యయనంలో ఆ తేడాను తొలగించారు.

ఇస్లామీ షరీఅత్‌లో ఇందుకు చక్కని మార్గదర్శనం ఉంది. పొరపాటున హత్య జరిగితే చెల్లించవలసిన దియత్ 100 ఒంటెలు. ఒంటెల ధర పెరిగినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) దాన్ని బంగారం గలవారికి 1000 దీనార్లుగా, వెండి గలవారికి 12,000 దిర్హములుగా సవరించారని అబూ దావూద్ హదీసు గ్రంథం తెలుపుతోంది. అంటే అంకెలను కాలానుగుణంగా లెక్కించారు. కాని మృతుడు ధనికుడా, పేదవాడా, ఎంత సంపాదించేవాడు, పసివాడా, ముసలివాడా అని అడగలేదు. అది ప్రాణం ఖరీదు కాదు, వారసులకు చెందవలసిన హక్కు.

కాబట్టి ఖర్చును కొలవండి, మనిషిని కొలవకండి. మీ వాడలో ఎవరైనా జబ్బుపడితే “ఎంత పెట్టుకోగలరు?” అని కాక “ఏం అవసరం?” అని అడగండి. మందుల చీటీతోపాటు బస్సు ఛార్జీని, పోయిన కూలీని కూడా లెక్కలో చేర్చండి. జకాత్ హక్కుదారుల్లో నిరుపేదలతోపాటు రుణగ్రస్తులూ ఉన్నారు. వైద్యం కోసం అప్పులపాలైన ఇల్లు మీ వీధిలోనే ఉండవచ్చు. ఖర్చుకు జంకి నొప్పిని దాచుకునే తల్లి మీ ఇంట్లోనే ఉండవచ్చు. ఆమె “వద్దు” అన్న మాటతో మన బాధ్యత తీరిపోదు.

అల్లాహ్ మన సంపదను, మన లెక్కలను న్యాయమార్గంలో నడిపించుగాక! ఆమీన్.