కమఠుని వైరము



సృష్టికి ముందు అల్లకల్లోలమే ఉండెనని, దానికి రూపమైన భూతమొకటి ఉండెనని పూర్వము అనేక జాతులవారు నమ్మిరి. బాబిలోనియావారి కథలో అది తియామత్ అను సముద్రదేవత. మర్దూకుడు ఆమెను చంపి, దేహమును రెండుగా చీల్చి, భూమ్యాకాశములు నిర్మించెనట. ఈజిప్టువారి కథలో అపోఫిస్ అను మహాసర్పము ప్రతి రాత్రియు సూర్యుని నావకు అడ్డుపడును. దేవతలు దానిని ఎంత నరికినను మరునాటి రాత్రికి అది మరల లేచును. అక్కడి అర్చకులు మైనముతో దాని బొమ్మచేసి నిప్పులో వేసెడివారు.

జైనధర్మము ఇట్లు చెప్పదు. లోకము అనాది, దానికి కర్త లేడు. కావున అల్లకల్లోలము సృష్టికి ముందటిది కాదు. అది క్రోధ మాన మాయా లోభములను నాలుగు కషాయముల నుండి జీవుని లోపలనే పుట్టును. పార్శ్వనాథ భగవానుని చరిత్రయే ఇందుకు నిదర్శనము.

పోదనపురమున అరవిందరాజు పురోహితునికి కమఠుడు, మరుభూతి అని ఇద్దరు కొడుకులు. ఆ పోదనపురము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధనే అని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. అన్నయైన కమఠుడు తమ్ముని భార్యను ఆశించి, రాజుచే దేశభ్రష్టుడాయెను. అయినను మరుభూతి అన్నను వెదకికొని పోయి, పాదములపై వ్రాలి క్షమాపణ కోరెను. కమఠుడు ఆ వంచిన తలపైననే బండ పడవేసెను.

ఆ పగ జన్మజన్మలకు సాగినది. మరుభూతి ఏనుగైనపుడు కమఠుడు పామై కరచెను. పదవ జన్మమున మరుభూతి జీవుడే పార్శ్వప్రభువు. కమఠుని జీవుడు మేఘములను శాసించు దేవుడాయెను. శ్వేతాంబరులు అతనిని మేఘమాలి అందురు, దిగంబరులు శంబరుడందురు. ధ్యానమందున్న స్వామిపై అతడు పెనుగాలిని, కుండపోత వానను విడిచెను. ధరణేంద్రుడు పడగ పట్టెను. స్వామి మాత్రము కదలలేదు. వాన కురిపించినవానిపై కోపము లేదు, పడగ పట్టినవానిపై మమకారము లేదు. కొట్టినవానికి ఎదురుదెబ్బ దొరకలేదు. తుదకు ఆ దేవుడే సిగ్గుపడి శరణు వేడెను.

నరికిన పాము మరల లేచినది. క్షమించిన పగ మరల లేవలేదు.

ఇది అన్నదమ్ముల కథ అని మరువరాదు. దుకాణము పంచుకొన్ననాడు తక్కెడ కొరకో, గోడ కొరకో పుట్టిన మాట తండ్రులతో పోక, బాకీవలె కొడుకుల ఖాతాకు ఎక్కుచున్నది. దీపావళికి క్రొత్త చిట్టా తెరుచువారు పాత పగను అందులోనికి ఎక్కింపరాదు. క్షమాపణదినమున దూరపువారికి జాబులు వ్రాయుట సులభమే. పక్కవాటాలోని అన్న గడప ఎక్కుటయే కష్టము. మరుభూతి నడచిన త్రోవ అదియే.

జై జినేంద్ర!