తమ్ముడిమీద స్టే

నాన్నగారు పోయి ఏడాది తిరక్కుండానే తమ్ముడు పెరట్లో పునాదులు తీయించాడు. పంపకాలు కాలేదు. నాతో ఒక్క మాటా అనలేదు. "తోడబుట్టినవాడిమీద కోర్టుకెక్కుతావుటే?" అంది పిన్ని.

ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమానవాటా అంటూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన చట్టం అప్పటికి పెళ్ళికాని పిల్లలకే వర్తించింది. 2005 సవరణ పెళ్ళయిపోయిన నాలాంటివాళ్ళనీ కలుపుకుంది. హక్కయితే వచ్చింది కానీ, అడిగే నోరు రావద్దూ!

పని ఆపమని ఆర్డరివ్వాలంటే కోర్టు మూడు సంగతులు చూస్తుందిట. కేసులో పస ఉందా, ఎవరి ఇబ్బంది ఎక్కువ, తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా అని. ఆలస్యం చేస్తే ఆర్డరు దొరకడమూ కష్టమేనన్నారు ప్లీడరుగారు.

నేను ఆ మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. పూడ్చలేనిది స్థలమా, తమ్ముడా? పోనీ, ఇప్పుడు మంచిదాన్ననిపించుకుని, స్లాబు పడ్డాక తగువుకి దిగితే వాడికి మరీ నష్టం కాదూ? స్టే ఆస్తి ఎవరిదో తేల్చదు, తేలేదాకా ఆగమంటుంది. ఆ మాట కోర్టుకన్నా ముందు నేను చెప్పాలి.

రేపు పొద్దున్నే బస్సెక్కుతున్నాను. వాడు వినకపోతే మర్నాడు వకాలతుమీద సంతకం పెడతాను, పిన్ని ఏమన్నా సరే.